చెమటలో ఉప్పు, వెన్నులో నొప్పి

సిస్టిక్ ఫైబ్రోసిస్ గురించి తెలుగులో దొరికే కాసిన్ని రాతల్లో అది పసిపిల్లల జబ్బు. బిడ్డను ముద్దుపెట్టుకుంటే ఉప్పగా తగులుతుంది, దగ్గు తగ్గదు, తిన్నది ఒంటపట్టదు. ఆ తర్వాత ఏమవుతుందన్నది ఎవరూ పెద్దగా రాయరు. 1938లో న్యూయార్క్‌లో డొరతీ ఆండర్సన్ దీన్ని విడి జబ్బుగా గుర్తించి వర్ణించిన రోజుల్లో రాయడానికి ఏమీ ఉండేది కాదు కూడా. పిల్లలు చాలామంది బడి ఈడుకే రాకుండా పోయేవారు. ఇప్పుడు అమెరికాలో, బ్రిటన్‌లో ఈ జబ్బుతో బతుకుతున్నవారిలో పిల్లల కంటే పెద్దలే ఎక్కువ. వాళ్ళు ఉద్యోగాలు చేస్తున్నారు, పెళ్ళిళ్ళు చేసుకుంటున్నారు. నలభై దాటాక అందరికీ వచ్చే మోకాళ్ళ నొప్పి, నడుము నొప్పి వాళ్ళకు ఇరవైల్లోనే వస్తున్నాయి. ఊపిరితిత్తుల డాక్టరుకు చెబితే ఎముకల డాక్టరు దగ్గరికి పంపుతాడు. ఆయన ఫైలు తెరిచి, పైన ఉన్న జబ్బు పేరు చూసి, మళ్ళీ మొదటాయన దగ్గరికే వెళ్ళమంటాడు.

ఈ సంగతి మాట్లాడుకోవడానికి ఖతార్ కంటే మంచి చోటు కనబడదు. దోహాలోని హమద్ ఆస్పత్రిలో పిల్లల వైద్యురాలు అత్కా అబ్దుల్ వహాబ్, ఆమె సహచరులు 2000 ప్రాంతంలో ఒక పెద్ద బెదూయిన్ వంశం గురించి వైద్య పత్రికల్లో రాయడం మొదలుపెట్టారు. ఆ వంశంలో ఇంటింటా సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉంది. అందరిలోనూ జన్యువులో ఒకే తప్పు, ప్రపంచంలో మిగతా చోట్ల అరుదుగా కనబడే తప్పు. తరతరాలుగా తమలో తామే వియ్యమందుకున్న వంశం కావడంతో ఒక పూర్వీకుడి నుంచి వచ్చిన లోపం అలా నిలిచిపోయింది. ఖతార్‌లో జరిగే పెళ్ళిళ్ళలో సగానికి పైగా దగ్గరి బంధువుల మధ్యేనని 2006లో వచ్చిన ఒక సర్వే చెప్పింది.

తెలుగువాళ్ళకు ఇక్కడ ఒక తిరకాసు. అక్కడ ముఖ్యంగా ఇష్టపడేది పెదనాన్న, బాబాయి పిల్లల మధ్య పెళ్ళి. మనకు వాళ్ళు అన్నాచెల్లెళ్ళు, ఆ మాటే ఎబ్బెట్టుగా ఉంటుంది. మనం చేసుకునేది మేనత్త కొడుకును, మేనమామ కూతుర్ని. జన్యువులకు ఈ వరసల పట్టింపు లేదు, రెండిట్లోనూ దగ్గరితనం ఒక్కటే. మేనమామే మేనకోడలిని చేసుకునే మన పద్ధతిలోనైతే అది రెట్టింపు. కాబట్టి ఆ ఎడారి వంశం కథను ఎక్కడో పరాయివాళ్ళ కథగా చదవడానికి వీల్లేదు.

సిస్టిక్ ఫైబ్రోసిస్‌కు కారణమైన జన్యువును 1989లో ఏడో క్రోమోజోమ్ మీద కనుక్కున్నారు. దాని పేరు సీఎఫ్‌టీఆర్. 1,480 అమైనో ఆమ్లాలు గొలుసుగా కూర్చిన ఒక ప్రొటీన్‌ను తయారు చేయడం దాని పని. కణం పైపొరలో కూర్చుని ఉప్పులోని క్లోరైడ్‌ను అటూ ఇటూ పంపే తలుపు ఆ ప్రొటీన్. అది సరిగా పనిచేయకపోతే ఊపిరితిత్తుల్లో కఫం చిక్కబడుతుంది, క్లోమగ్రంథి నాళాలు పూడుకుపోతాయి, చెమటలో ఉప్పు మిగిలిపోతుంది. ప్రపంచంలో ఎక్కువమందికి ఉన్న లోపం 508వ స్థానంలో ఒక అమైనో ఆమ్లం పూర్తిగా ఎగిరిపోవడం. ఖతార్ వంశంలో ఉన్నది వేరు. 1234వ స్థానంలో ఐసోల్యూసిన్ ఉండాల్సిన చోట వాలీన్ వచ్చి చేరింది. రసాయనశాస్త్రం ప్రకారం ఈ రెండిటికీ తేడా ఒక కార్బన్, రెండు హైడ్రోజన్‌లు, అంతే. ఇంత చిన్న మార్పు ఇంత జబ్బు ఎలా తెచ్చిందని చాలాకాలం ఆశ్చర్యపోయారు. టొరంటో, దోహా పరిశోధకులు కలిసి 2014లో సమాధానం చెప్పారు. జన్యువులో ఒక్క అక్షరం మారడంతో జన్యు సందేశాన్ని కత్తిరించి అతికించే యంత్రాంగం తప్పు చోట కత్తిరిస్తోంది. గొలుసులో ఆరు అమైనో ఆమ్లాలు తెగిపడిపోతున్నాయి. అలా తయారైన ప్రొటీన్ కణం పైకి సరిగా చేరడం లేదు.

ఈ వంశంలో చాలామందికి క్లోమగ్రంథి పనిచేస్తుంది. తిన్నది అరుగుతుంది, ఒళ్ళు పెరుగుతుంది. ఊపిరితిత్తుల జబ్బు మాత్రం వదలదు. అందువల్ల పసితనంలో, చెమటతో ఉప్పూ నీరూ పోగొట్టే ఎండాకాలం గట్టెక్కిన పిల్లలు పెద్దవాళ్ళవుతారు. మందులు మెరుగుపడ్డాక మిగతా ప్రపంచంలో ఇప్పుడు జరుగుతున్నది ఆ వంశంలో ముందే జరిగింది: ఈ జబ్బుతో నడివయసుకు చేరే మనుషులు అక్కడ తయారయ్యారు. వాళ్ళ ఎముకలూ కీళ్ళూ ఎలా ఉన్నాయో చూస్తే రేపు మిగతావాళ్ళకు ఏం కాబోతోందో కొంత తెలుస్తుంది.

ఎముకల సంగతి పాత పాఠ్యపుస్తకాల్లో చాలా సూటిగా ఉండేది. క్లోమం పనిచేయదు, కొవ్వు అరగదు, కొవ్వుతో పాటు ఒంట్లోకి రావాల్సిన డి, కె విటమిన్లు బయటికి పోతాయి, ఎముక బోలుగా మారుతుంది. ఆ లెక్కన క్లోమం బాగున్న ఖతార్ వంశానికి ఎముకలూ బాగుండాలి. 2014లో దోహా వైద్యులు ఆ వంశంలోని వాళ్ళ ఎముక సాంద్రతను కొలిచి ప్రచురించారు. సాంద్రత తగ్గినవాళ్ళు అక్కడా ఉన్నారు. దీనికి వివరణ కష్టం కాదు. ఎముకను కట్టే కణాల్లోనూ దాన్ని కరిగించే కణాల్లోనూ సీఎఫ్‌టీఆర్ ప్రొటీన్ ఉంది. అంటే జబ్బు ఎముకలోకి పొట్ట దారిలోనే రానక్కర్లేదు, ఎముకలోనే పుట్టగలదు. పైగా ఊపిరితిత్తుల్లో ఏళ్ళ తరబడి రగిలే ఇన్ఫెక్షన్ రక్తంలోకి వదిలే రసాయనాలు ఎముకను కరిగించే కణాలను ఉసిగొల్పుతాయి. స్టిరాయిడ్ కోర్సులు, తక్కువ బరువు, కదలిక లేకపోవడం దీనికి తోడు.

ఇక ఖతార్ సొంత సమస్య డి విటమిన్. ఏడాదంతా నెత్తిన ఎండ కొట్టే దేశంలో డి విటమిన్ లోటు అంత విస్తారంగా ఉండటం వింతే, కానీ ఆ ఎండే మనుషులను ఇళ్ళలోకి తరుముతోంది. ఏసీ ఇంటి నుంచి ఏసీ కారులోకి, అక్కడి నుంచి ఏసీ ఆఫీసులోకి. బయట అడుగుపెడితే ఒళ్ళంతా కప్పే బట్టలు. పనిలో పనిగా చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. అక్కడి తెగల్లోనే హోమోసిస్టిన్యూరియా అనే మరో వంశపారంపర్య జబ్బు ఉంది, సుమారు 1,800 పురుళ్ళలో ఒక బిడ్డకు. ప్రపంచంలోనే ఎక్కువ. అదీ ఎముకల్ని బోలు చేసే జబ్బే. కాబట్టి దోహాలో ఒక పాతికేళ్ళ కుర్రాడు వెన్ను విరిగిందని వస్తే, అక్కడి డాక్టరు మన డాక్టరు కంటే పొడుగాటి జాబితా మనసులో పెట్టుకోవాలి.

వెన్ను విరగడం అతిశయోక్తి కాదు. పలు దేశాల అధ్యయనాలను కలిపి 2010లో వేసిన లెక్క ప్రకారం ఈ జబ్బున్న పెద్దల్లో 23.5 శాతం మందికి ఆస్టియోపొరోసిస్, అంటే ఎముక బోలుదనం, ఉంది, ఇంకో 38 శాతం దాని గుమ్మంలో ఉన్నారు, 14 శాతం మందికి వెన్నుపూస చితికిన ఆనవాళ్ళు ఉన్నాయి. వెన్నుపూస చితకడం కాలు విరిగినట్టు కేక పెట్టించదు. ఒక్కోసారి గట్టిగా దగ్గితేనే చితుకుతుంది. నాలుగు రోజులు నడుము పట్టేసిందనుకుని ఆయింట్‌మెంట్ రాసుకుంటారు. రెండు మూడు పూసలు ముందువైపు అణిగాక గూని కనబడుతుంది. అప్పటికే రొమ్ము గూడు పీపాలా ఉబ్బి ఉంటుంది కాబట్టి ఆ గూని కూడా దానిలో భాగమేననుకుంటారు. ఏటా ఎత్తు కొలిచే అలవాటున్న క్లినిక్‌లో ఇది ముందే దొరుకుతుంది, ఎందుకంటే చితికిన వెన్ను పొట్టిదవుతుంది. పద్దెనిమిది నిండేసరికి ప్రతి ఒక్కరికీ ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ తీయాలని యూరప్, అమెరికా మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఎత్తు కొలవడానికి మాత్రం ఏ స్కానూ అక్కర్లేదు, గోడకు కొట్టిన టేపు చాలు.

పూసలు చెక్కుచెదరకున్నా నడుము నొప్పి వస్తుంది. మనిషిని నిటారుగా నిలబెట్టే కండరాలే ఊపిరి తీయడంలోనూ పాలు పంచుకుంటాయి. ఊపిరి కష్టమైనప్పుడు అవి రెండో పనిలో మునిగిపోయి మొదటి పనిని వదిలేస్తాయి. ఈ జబ్బున్నవాళ్ళ పొద్దు ఎలా మొదలవుతుందో చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. లేవగానే నెబ్యులైజర్‌లో గాఢమైన ఉప్పునీటి ఆవిరి పీల్చాలి. తర్వాత ముందుకు వంగి కూర్చుని, నోరు తెరిచి, అద్దం మీద ఆవిరి పట్టించినట్టు హా, హా అని గాలి వదులుతూ కఫాన్ని కింది నుంచి పైకి తోసుకురావాలి. చివర గట్టిగా దగ్గి ఉమ్మేయాలి. అరగంటో గంటో, రోజుకు రెండుసార్లు. నడుము నొప్పి ఉన్న రోజున ఆ దగ్గు సగంలో ఆగిపోతుంది. కఫం లోపలే ఉంటుంది, అందులో సూడోమొనాస్ అనే బ్యాక్టీరియా పెరుగుతుంది, మళ్ళీ జ్వరం, మళ్ళీ ఆస్పత్రి. నడుము నొప్పిని చిన్న బాధగా తీసిపారేసే ఊపిరితిత్తుల డాక్టరు తన పనినే పాడు చేసుకుంటున్నాడని నేననడం అందుకే.

కీళ్ళ నొప్పుల్లో ముఖ్యంగా రెండు రకాలున్నాయి. రెండిటినీ ఒకే గాటన కట్టడమే ఎక్కువ అనర్థాలకు మూలం.

మొదటిది వచ్చిపోయే రకం. రాత్రి మామూలుగా పడుకున్న మనిషి తెల్లారేసరికి మోకాలో చీలమండో మణికట్టో వాచి, ముట్టుకుంటే అరిచేలా ఉంటాడు. ఒక్కోసారి జ్వరం, ముంగాళ్ళ మీద ఎర్రటి గడ్డలు. వారం పది రోజుల్లో ఏమీ జరగనట్టు మాయం. కొన్ని వారాలకో నెలలకో మళ్ళీ ఇంకో కీలులో. ఎక్స్‌రే తీస్తే ఏమీ ఉండదు, రుమటాయిడ్ పరీక్ష చాలాసార్లు నెగెటివ్. 1979లో న్యూమన్, ఆన్సెల్ అనే వైద్యులు దీన్ని పిల్లల్లో వర్ణించారు. ఊపిరితిత్తుల్లోని సూక్ష్మజీవులతో ఏళ్ళ తరబడి పోరాడే రోగనిరోధక వ్యవస్థ తయారుచేసే ముద్దలు కీళ్ళలో పేరుకుంటాయన్నది ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. 100 మందిలో 2 నుంచి 8 మందికి వస్తుందని అంచనా.

రెండోది మెల్లగా కమ్ముకొచ్చే రకం. దీన్ని హైపర్‌ట్రోఫిక్ ఆస్టియోఆర్థ్రోపతీ అంటారు. ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నవాళ్ళలో, ఎక్కువగా ఇరవై ఏళ్ళ చుట్టుపక్కల మొదలవుతుంది. కీలు కంటే ఎముకే నొస్తుంది. మోకాలి కింద ఎముక మీద వేలితో నొక్కితే చివుక్కుమంటుంది, రాత్రిపూట లాగుతుంది. కనిపెట్టడానికి ముందు చేతివేళ్ళు చూడాలి. వేళ్ళ చివరలు ఉబ్బి, గోళ్ళు వంపు తిరిగి ఉంటాయి. రెండు బొటనవేళ్ళ గోళ్ళను వీపుకు వీపు ఆనించి వెలుతురుకు ఎదురుగా పట్టుకోమంటారు. మామూలు మనిషికి గోళ్ళ మొదట్లో వజ్రం ఆకారంలో చిన్న సందు కనబడుతుంది, వీళ్ళకు అది పూడిపోయి ఉంటుంది. ఎక్స్‌రేలో పొడుగు ఎముక పక్కనే సన్నగా మరో గీత: ఎముక పైపొర కొత్త ఎముకను పోస్తోందన్న మాట. దీనికి కీళ్ళ మాత్రల కంటే ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్‌ను అణచడమే అసలు మందు. ఊపిరితిత్తులు మార్చినవాళ్ళలో నొప్పి తగ్గిన సందర్భాలున్నాయి.

ఇవి కాక మందులే తెచ్చిపెట్టే నొప్పులున్నాయి. సూడోమొనాస్‌ను నోటి మాత్రతో ఎదుర్కోవాలంటే చేతికందేది సిప్రోఫ్లాక్సాసిన్ కుటుంబమే. అది మడమ వెనక నరంలా కనిపించే లావాటి స్నాయువును వాపెక్కిస్తుంది, అరుదుగా తెంచుతుంది కూడా. స్టిరాయిడ్ తోడైతే ప్రమాదం పెరుగుతుంది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2008లో నల్ల గడి కట్టి మరీ హెచ్చరిక రాయించింది. కాబట్టి మడమ నొప్పి అనగానే అడగాల్సిన మొదటి ప్రశ్న, గత నెలలో ఏ యాంటీబయాటిక్ వాడారు అని. గౌట్, అసలైన రుమటాయిడ్ వీళ్ళకూ రావచ్చు. ఒంట్లో ఉప్పు తగ్గి పిక్కలు పట్టేయడాన్ని కీళ్ళ నొప్పిగా చెప్పేవాళ్ళూ ఉంటారు.

ఆ ఉప్పు సంగతికి వస్తే, ఈ జబ్బుకూ ఎండకూ ఉన్న చుట్టరికం మొదట బయటపడింది న్యూయార్క్‌లోనే. 1948 వేసవిలో అక్కడ వడగాల్పులు వీచినప్పుడు సొమ్మసిల్లి ఆస్పత్రికి వచ్చిన పిల్లల్లో సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉన్నవాళ్ళు లెక్కకు మించి కనిపించారు. ఆ ఆధారం పట్టుకుని 1953లో పాల్ డీ సాంటాగ్నీస్ చెమటలో ఉప్పు ఎక్కువని తేల్చాడు. ఈ రోజుకూ నిర్ధారణకు వాడేది ఆ చెమట పరీక్షే. లీటరుకు 60 మిల్లీమోల్స్ క్లోరైడ్ దాటితే జబ్బు ఉన్నట్టు. న్యూయార్క్‌లో అది ఒక వేసవి ముచ్చట. దోహాలో మే నుంచి సెప్టెంబరు దాకా ప్రతి ఏడూ జరిగేదే. ఖతార్ వంశపు పసిపిల్లలు తరచుగా ఆస్పత్రికి వచ్చింది దగ్గుతో కంటే ఒంట్లో ఉప్పూ నీరూ అయిపోయి వాడిపోవడంతో.

నొప్పి మాత్రల కథ ఇక్కడే మెలిక తిరుగుతుంది. ఇబుప్రోఫెన్ ఈ జబ్బులో పాత నేస్తం. పెద్ద మోతాదులో క్రమం తప్పకుండా వాడితే పిల్లల ఊపిరితిత్తులు దెబ్బతినే వేగం తగ్గుతుందని 1995లో అమెరికాలో కాన్‌స్టన్ బృందం చూపింది. వచ్చిపోయే కీళ్ళ వాపుకూ, ఎముక పైపొర నొప్పికీ మొదట రాసేదీ ఆ కుటుంబపు మాత్రలే. కానీ ఇన్ఫెక్షన్ ముదిరినప్పుడు ఎక్కించే టోబ్రమైసిన్, అమికాసిన్ మూత్రపిండాల మీద భారం వేసే మందులు. వాటికి ఇబుప్రోఫెన్, దానికి తోడు చెమటలో నీరూ ఉప్పూ పోయిన శరీరం కలిస్తే మూత్రపిండాలు ఒక్కసారిగా చతికిలబడతాయి. ఉత్తరాది దేశాల మార్గదర్శకాల్లో ఇది ఒక హెచ్చరిక వాక్యం. 45 డిగ్రీల ఎండ కాచే చోట దీన్ని మొదటి పేజీలో రాయాలి. వేసవిలో రంజాన్ వస్తే పగలంతా మంచినీళ్ళు కూడా ముట్టరు. జబ్బుపడినవాళ్ళకు ఉపవాసం నుంచి మినహాయింపు మతంలోనే ఉన్నా, ఇల్లంతా ఉపవాసం ఉన్నప్పుడు పాతికేళ్ళ కుర్రాడికి ఆ మినహాయింపు వాడుకోవడం అంత సులువు కాదు. దగ్గితే రక్తం పడేవాళ్ళకు ఈ మాత్రలతో ఇంకో చిక్కు, అవి రక్తస్రావాన్ని పెంచుతాయి. సరే, ట్రమడాల్ లాంటి మత్తు జాతి మందులకు పోదామంటే అవి దగ్గును అణుస్తాయి, పేగు కదలికను ఆపుతాయి. పేగులోనే జిగురు గడ్డకట్టి అడ్డం పడే గుణం ఉన్న ఈ జబ్బులో అది ఆపరేషన్ బల్ల దాకా తీసుకెళ్ళగలదు. అందుకని పారాసెటమాల్, కాపడం, ఫిజియోథెరపీ అని మొదలుపెట్టడం మందులు లేక కాదు, ఉన్న మందుల్లో ప్రతిదానికీ ఒక వెల ఉండటం వల్ల.

బోలు ఎముకలకు ఇచ్చే మందు కూడా ఒకసారి ఎదురు తిరిగింది. 1998లో మాంచెస్టర్ వైద్యులు కొందరు పెద్దలకు పమిడ్రోనేట్ అనే మందు నరం ద్వారా ఎక్కించారు. ఎముక గట్టిపడాలని ఇచ్చిన మందుతో పలువురికి ఒళ్ళంతా ఎముకలు పట్టుకుని పీకేసేంత నొప్పి వచ్చింది. విచిత్రంగా స్టిరాయిడ్ వాడుతున్నవాళ్ళు దాన్నుంచి తప్పించుకున్నారు. ఆ కుటుంబపు మందులు ఇప్పటికీ వాడతారు, సాంద్రత పెంచుతాయి కూడా, కాకపోతే ముందుగా డి విటమిన్ లోటు తీర్చి, నొప్పి రావచ్చని చెప్పి ఇస్తారు.

2019 అక్టోబరులో అమెరికాలో అనుమతి పొందిన మూడు మందుల కలయిక, ట్రికాఫ్టా, ఈ జబ్బు నడకనే మార్చింది. ఖతార్ వంశపు లోపం ఉన్న ప్రొటీన్‌ను ఈ తరహా దిద్దుబాటు మందులు కొంతవరకు సరిచేయగలవని 2014 నాటి కణాల ప్రయోగాల్లోనే కనబడింది. ఊపిరి, బరువు మెరుగుపడతాయి. కీళ్ళ సంగతి వచ్చేసరికి మాట రెండు రకాలుగా ఉంది. మందు మొదలుపెట్టాక పాత వాపులు తగ్గినవాళ్ళ గురించీ, కొత్తగా కీళ్ళు పట్టేసినవాళ్ళ గురించీ వైద్య పత్రికల్లో కేసులు వచ్చాయి. నా అభిప్రాయం ఏమిటంటే, మందు గొప్పదే అయినా అప్పటికే అణిగిన పూసను అది లేపి నిలబెట్టదు. పైగా ఆయుష్షు పెరిగే కొద్దీ అరుగుదల నొప్పులు కూడా వీళ్ళ వాటాకు వస్తాయి. అమెరికాలో దాని ధర ఏడాదికి 3 లక్షల డాలర్లకు పైనే, కాబట్టి ప్రపంచంలో ఎక్కువమందికి ఈ చర్చే అందనంత ఎత్తులో ఉంది.

అలా అందనివాళ్ళలో మనమూ ఉన్నాం. భారతీయుల్లో ఈ జబ్బు లేదని దశాబ్దాల పాటు నమ్మారు. బ్రిటన్, అమెరికాలకు వలస వెళ్ళిన మనవాళ్ళ పిల్లల లెక్కలు చూసి 10,000 నుంచి 40,000 పురుళ్ళకు ఒకరని అంచనా వేశారు. ఢిల్లీ ఎయిమ్స్‌లో తక్కువ ఖర్చుతో చెమట సేకరించే పద్ధతి తయారుచేశారు, హైదరాబాద్ సీడీఎఫ్‌డీ లాంటి సంస్థల్లో జన్యు పరీక్షలున్నాయి. అయినా పెద్దవాళ్ళలో ఈ పేరు ఎవరికీ తోచదు. ఏళ్ళ తరబడి దగ్గు, ఎక్స్‌రేలో మచ్చలు అంటే మనకు టీబీయే. నిజామాబాద్ నుంచో కడప నుంచో గల్ఫ్‌కు బయల్దేరే కుర్రాడికి వీసా మెడికల్‌లో ఆ మచ్చలతో అన్‌ఫిట్ అని రాస్తారు, ఆరు నెలల టీబీ కోర్సు పెడతారు, కథ అక్కడితో సరి. ఈ జబ్బున్న మగవాళ్ళలో నూటికి తొంభై అయిదు మందికి పైగా వీర్యనాళాలు పుట్టుకతోనే ఉండవు. అందుకని జబ్బు తేలిగ్గా ఉన్న పెద్దవాళ్ళు మన దగ్గర బయటపడితే తరచుగా సంతానం కోసం వెళ్ళిన ఆస్పత్రిలోనే. అక్కడ చెమట పరీక్షో జన్యు పరీక్షో రాస్తారు. పదేళ్ళుగా ఏ మోకాళ్ళు వాచి తగ్గుతున్నాయో, నడుము ఎప్పటి నుంచి పట్టేస్తోందో ఆ పూటే అడిగి కేసు షీటులో ఎక్కిస్తే ఊపిరితిత్తుల డాక్టరుకూ ఎముకల డాక్టరుకూ ఒకే కాగితం మీద పని దొరుకుతుంది.